మన యూరి రాళ్ల చరిత్ర యెచ్చట నున్నది?



మా గురువుగారు ఒక పాత సంపుటమును బల్లమీద నుంచి, దాని వెనుక మడచియున్న పటమును మెల్లగా విప్పి, "నీవు రెండు నెలలు తిరిగి గీసికొని వచ్చిన గీత యిదియే కదా?" యని యడిగిన నాటి సిగ్గు నాకు నేటికిని జ్ఞప్తియందున్నది. ఇది 1960వ దశకపు మాట. నేనప్పుడు భూగర్భశాస్త్ర విద్యార్థిని. పాణ్యము ప్రాంతపు కొండలమీది గట్టి తెల్లరాయి యెచ్చట ముగియునో, దానిపైని సున్నపురాయి యెచ్చట మొదలగునో తెలిసికొనవలెనని వేసవి యెండలో సుత్తియు దిక్సూచియు చేతబట్టి నడచితిని. పల్లెలలో మజ్జిగ పోసి నన్ను బ్రదికించిన తల్లులు లేకున్న ఆ పని ముగిసెడిది కాదు. ఎట్లో ముగించితిని, పటము గీచితిని, ఇంతవరకు ఎవ్వరును చేయని పని చేసితినని మురిసితిని. ఆ గీతను విలియం కింగ్ అను నాయన 1872లోనే అచ్చువేయించి యుండెను. ఆ పుస్తకము నేను నిత్యము కూర్చుండు బల్లకు ఇరువది అడుగుల దూరములోని బీరువాలో నుండెను. నా గీతకును ఆయన గీతకును కొన్నిచోట్ల భేదము కనబడినది. ఆ భేదములలో సగము నా తప్పులే.

విశ్వవిద్యాలయములలోని గ్రంథాలయములందు భూమిని గూర్చిన పుస్తకములను వెదకుట యెట్లో, వెదకి దొరికినదానిని వాడుకొనుట యెట్లో నేడు చెప్పదలచితిని. ఇది చదువుకొను కుఱ్ఱవాండ్రకు చెప్పవలసిన మాట గదా, మాకేల యని మీరనుకొనవచ్చును. ఆ పుస్తకములు మీ నేలను గూర్చినవి. మీ మనుమలు వానిని వెదకబోయినపుడు వారికి చిక్కని తాళపుచెవులు కొన్ని మీయొద్ద నున్నవి. ఆ సంగతి ముందు చెప్పెదను.

మన పల్లెలకు గ్రంథాలయములు క్రొత్తవి కావు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. కాలువలవెంట పడవలమీద పుస్తకములు పంపి చదివించిన దేశము మనది. కాని ఊరి గ్రంథాలయమునకు పోవువాడు బీరువాలోనికి చూచి, నచ్చిన పుస్తకము తీసికొనును. విశ్వవిద్యాలయ గ్రంథాలయములో అట్లు చేసిన తెల్లవార్లు తిరిగినను పని కాదు. అచ్చటికి ఒక ప్రశ్నను వెంటబెట్టుకొని పోవలెను. ప్రశ్న యెంత చిన్నదైన అంత మేలు. "కర్నూలు సీమ రాళ్లను గూర్చి చెప్పుడు" అనినచో గ్రంథపాలకుడు నవ్వి యూరకుండును. "ఫలాని యూరిక్రింద నున్నది సున్నపురాయియా, పలకరాయియా?" యనినచో లేచి వచ్చును.

ఇట్టి ప్రశ్నయే రెండేండ్ల క్రిందట నా యింటికి వచ్చినది. కుందేటి లోయలోని యొక చిన్న గ్రామమునుండి నా బాల్యమిత్రుడు, తిరుపతిలో భూగర్భశాస్త్రము చదువుచున్న తన మనుమని వెంటబెట్టుకొని వచ్చెను. కూర్చుండియు కూర్చుండకమునుపే, "అన్నా, ఊరుమ్మడిగా మూడు బోర్లు ఏసినాం, మూడూ ఎండిపాయ. టెంకాయ పట్టినోడు నాలుగోది మర్రిమాను కాడ ఏయమంటాడు. వీడేమో పుస్తకం చూడాల అంటాడు. పుస్తకంలో నీళ్లుంటాయా?" యని యడిగెను. జొన్నలమ్మిన సొమ్ము ఊరివారందరును చేర్చి యాయన చేతబెట్టియుండిరి. ఆ సొమ్ము ఒక్క బోరుకే చాలును.

పుస్తకములో నీళ్లుండవు. నీటికి తావిచ్చు రాయి యేదో, ఈయని రాయి యేదో యుండును. సున్నపురాతిలో నీరు పగుళ్లవెంట నడచుచు రాతినే కరగించుకొని దారులు చేసికొనును. అందుచేత ఒకచోట బోరు నిండుగా పారును, పదియడుగుల యవతల ఎండి పోవును. మెత్తని పలకరాయి బిగువుగా నుండును. పైన శిథిలమైన భాగములోను, బీటలలోను తప్ప అది నీటిని అంతగా నిలుపదు. కుందేటి లోయలో ఈ రెండును ఒకదానిమీద నొకటి పఱచినట్లున్నవి. పైది నంద్యాల పలకరాయి, క్రిందిది కోయిలకుంట్ల సున్నపురాయి. మూడు బోర్లును ఏ రాతిలో వేసిరో తెలియకుండ నాలుగవదానిని గూర్చి మాటలాడుట వృథా.

ఆ కుఱ్ఱవాడు తెలివిగలవాడే. తన విశ్వవిద్యాలయములో కంప్యూటరు పట్టికయందు ఊరిపేరు కొట్టి చూచినాడు. ఏమియు రాలేదు. తాలూకా పేరు కొట్టినాడు. రెండు మూడు క్రొత్త పుస్తకములు వచ్చినవి, పనికి రాలేదు. "ఏమీ లేదు తాతా" యని నాతో ననెను. ఉన్నదని నాకు తెలియును. వానికి దొరకకపోవుటకు కారణము స్పెల్లింగు.

దొరలు మన యూళ్ల పేర్లను తమ చెవికి వినబడినట్లు వ్రాసికొనిరి. కడపను కింగ్ గారు ఇంగ్లీషు 'కే' అక్షరముతో వ్రాసిరి. ప్రభుత్వమువారు చాలకాలము 'సీ'తో వ్రాసిరి. ఈ శతాబ్దమున మరల 'కే' వచ్చినది. కాకినాడ అప్పుడు 'కొకనాడ', అదియు 'సీ'తోనే. శ్రీకాకుళము 'చికాకోలు'. బందరు 'మసులిపట్టణము'. కంభము 'సీ' అక్షరము క్రింద నుండును. కుందేరు కింగ్ గారి పుస్తకములో 'ఖూందేర్' వలె కనబడును. నేటి బిడ్డలకు ఈ పాత పేర్లు తెలియవు. పాత దస్తావేజులు, తపాలా ముద్రలు, రైలు టిక్కెట్లు చూచిన మీకు తెలియును. ఊరికి రెండుపేర్లుండుట, కొండకు ఈ ప్రక్కవారు ఒక పేరు, ఆ ప్రక్కవారు మరియొక పేరు పెట్టుట మీరెరిగినదే. నేను పైని చెప్పిన తాళపుచెవి యిదియే. మనుమడు గ్రంథాలయమునకు పోవుటకు ముందు, ఊరికిని, చుట్టునున్న కొండలకును, వంకలకును పూర్వము వాడుకలోనుండిన పేర్లన్నియు ఒక కాగితముమీద వ్రాసి యిండు.

పేరుకంటె నమ్మకమైనది అంకె. సర్వే ఆఫ్ ఇండియావారు దేశమునంతయు నాలుగు డిగ్రీల చదరములుగా కోసి, ఒక్కొక్కదానికి అంకె వేసిరి. మన రాయలసీమలో పెద్దభాగము 57వ చదరములో వచ్చును. దానిని మరల పదునారు భాగములుగా విడదీసి ఇంగ్లీషు అక్షరములు పెట్టిరి. కర్నూలు, నంద్యాల, కోయిలకుంట్ల, బనగానపల్లె 57 ఐ. కడప, జమ్మలమడుగు 57 జె. ఆ యొక్కొక్కటి మరల పదునారు పటములు. పూర్వము ఇవి అంగుళమునకు ఒక మైలు కొలతతో నుండెడివి. తరువాతివి యేబదివేలకు ఒకటి. ఊరిపేరు ఎన్ని వేషములు వేసినను ఈ అంకె మారదు. పరిశోధకులు తమ వ్యాసములలోను, సర్వేవారు తమ నివేదికలలోను ఈ యంకెనే వేయుదురు. కనుక కుఱ్ఱవానిచేత మొట్టమొదట ఆ యంకెను కనుగొనజేసితిని.

తరువాత ఎక్కడ చూడవలెను? డి. యన్. వాడియా గారి భారత భూగర్భశాస్త్రము 1919లోను, యం. యస్. కృష్ణన్ గారి భారత, బర్మా దేశముల భూగర్భశాస్త్రము 1943లోను వెలువడినవి. కడప, కర్నూలు రాళ్లు దేశములోని యితర రాళ్లమధ్య ఎచ్చట నిలుచునో ఇవి తేటగా చెప్పును. ఒకటి రెండు దినములలో ఆ భాగములు చదివి ముందుకు పోవలెను. అచ్చటనే కూలబడరాదు.

అసలు ధనము జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియావారి పుస్తకములలో నున్నది. ఆ శాఖ 1851లో ఏర్పడినది. వారు ప్రకటించినవి ముఖ్యముగా రెండు వరుసలు. ఒక సీమనంతయు సమగ్రముగా వర్ణించు పెద్ద గ్రంథములకు 'మెమాయిర్సు' అని పేరు. చిన్న వ్యాసములు, కనుగొన్న విశేషములు 1868 నుండి 'రికార్డ్సు' అను వరుసలో వచ్చినవి. కడప, కర్నూలు రాళ్లను గూర్చిన కింగ్ గారి గ్రంథము మెమాయిర్సు 8వ సంపుటము. నెల్లూరు సీమ, గోదావరి జిల్లా సముద్రతీరము, 15వ అక్షాంశమునుండి బందరువరకు గల తూర్పుతీరము, ఈ మూడును 16వ సంపుటములోని వేర్వేరు భాగములు, 1880 ప్రాంతమువి. ప్రాణహిత గోదావరి లోయను గూర్చినది 18వ సంపుటము, 1881. అదియు కింగ్ గారిదే. సింగరేణి గనులలో ఒక బొగ్గుపొరను నేటికిని 'కింగ్ పొర' యనియే పిలుతురు. విజయనగరము ప్రాంతపు మాంగనీసు గనులను గూర్చి కావలసినవారు ఫెర్మర్ గారి 37వ సంపుటము, 1909, చూడవలెను. కడప, కర్నూలు, అనంతపురము జిల్లాల ముగ్గురాయికి 64వ సంపుటము, 1933.

ఇచ్చట ఒక గోతిని చూపవలెను. బెంగుళూరులో 1958లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా యను సంఘము వేరుగా ఏర్పడినది. వారును తమ గ్రంథములను 'మెమాయిర్సు' అనియే పిలుతురు. సర్వేవారి 6వ సంపుటము వేరు, సొసైటీవారి 6వ సంపుటము వేరు. ఈ రెండవది 1987లో వెలువడి, కడప, కర్నూలు మొదలగు ప్రాచీన శిలల ద్రోణులను గూర్చి నేటివారి పరిశోధనను చెప్పును. ఒకటి అడిగి మరియొకటి తెచ్చుకొని, "పుస్తకము తప్పు" అని తిట్టిన విద్యార్థులను నేను పలువురిని చూచితిని.

ఇన్ని సంపుటములు తిరుగవేయుట యెట్లు? లా టూష్ అను సర్వే యుద్యోగి భారత భూగర్భశాస్త్ర రచనలకు ఒక పెద్ద పట్టిక కూర్చెను. అది 1917లో మొదలుకొని భాగములుగా వచ్చినది. ఆయన మెమాయిర్సుకును రికార్డ్సుకును కలిపి స్థలముల పేర్లతో చేసిన సూచిక 1938లో అచ్చయినది. ఊరిపేరు, కొండపేరు, నదిపేరు చూచిన చాలును, ఏ సంపుటములో ఏ పుటయో అందుండును. అట్టి పని చేసినవారికి ఎవ్వరును శాలువలు కప్పరు. నాకు మాత్రము అంతటి యుపకారి మరియొకడు కనబడడు.

బీరువాల వరుసలనుగూర్చి ఒక్కమాట. చాల గ్రంథాలయములలో డ్యూయీ పద్ధతి నడచును. అందు భూశాస్త్రములు 550, రాళ్లు 552, గనులు, ఖనిజములు 553, ఆసియా ఖండపు భూగర్భశాస్త్రము 555. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నుండిన యస్. ఆర్. రంగనాథన్ గారు 1933లో ప్రకటించిన కోలన్ పద్ధతి నడచుచోట భూగర్భశాస్త్రమునకు ఇంగ్లీషు 'హెచ్' అక్షరము. ఇది తెలిసిన బీరువా దొరకును. అయితే సంపుటముల వరుసలును పటములును తరచుగా పుస్తకములతో నుండవు; వేరొక గదిలో నుండును. అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడరాదు.

ఒక పుస్తకము దొరికినపిదప పుట అడుగున సన్నని అక్షరములలో నున్నదానిని చదువుడు. బేతంచర్ల సమీపమున బిల్లసర్గము గుహలున్నవి గదా. వానిని గూర్చి రాబర్ట్ బ్రూస్ ఫుట్ గారు 1884లో రికార్డ్సు 17వ సంపుటమున వ్రాసిరి. ఆయనకు పూర్వము న్యూబోల్డు అను సైనికోద్యోగి 1844లోనే ఆ గుహలలోని ఎముకలను గూర్చి కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసియుండెను. ఒకరి చేయి పట్టుకొని మరియొకరి యింటికి పోయినట్లు, ఒక వ్యాసమునుండి దానికి ముందటి వ్యాసమునకు పోవలెను.

పాత పుస్తకములు ఇన్ని చెప్పుచున్నాను, వానికి కాలదోషము పట్టలేదా యని అడుగుదురు. వైద్యుడు 1872 నాటి వైద్యగ్రంథము చూచి మందిచ్చిన ప్రమాదము. రాళ్ల సంగతి వేరు. బనగానపల్లెలో కింగ్ గారు చూచిన రాయి నేటికిని అచ్చటనే యున్నది. ఆయన ఆ సీమ రాళ్లకు బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందేరు అనియు, వాని క్రిందివానికి పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అనియు పేర్లు పెట్టెను. నార్జి, ఔకు, కోయిలకుంట్ల, నంద్యాల పేర్లును వీనిలో చేరినవే. మీ యిండ్ల ముందర పఱచిన నాపరాయి పేరు విదేశములలోని శాస్త్రజ్ఞులకు తెలిసినది ఈ విధముగానే. అయితే ఆ రాళ్ల వయస్సు ఇన్ని యేండ్లని చెప్పు సాధనము ఆయనకు లేదు. కడప శిలలలో అడుగువరుసలలోనికి చొచ్చిన నల్లరాయికి సుమారు 190 కోట్ల యేండ్లని తరువాతివారు కొలిచిరి. కొండలు పుట్టుటకు కారణమును గూర్చి 1960కి పూర్వపు పుస్తకములు చెప్పినది చాలవరకు నేడు నిలువదు. ఖండములు పలకలవలె కదలునను సిద్ధాంతము ఆ దశకముననే స్థిరపడినది. కనుక నేను విద్యార్థులకు చెప్పునది: చూచి వ్రాసినదానిని ఎంత పాతదైనను విడువవద్దు, ఊహించి వ్రాసినదాని తేదీ చూడకుండ నమ్మవద్దు. ఒకే పుటలో ఈ రెండును కలిసియుండును. విడదీయుట అభ్యాసముచేత వచ్చును.

ఇప్పుడు నా సొంత బాధ ఒకటి చెప్పవలసియున్నది. మా మేనమామది దర్శి ప్రాంతము. 1970కి పూర్వము అది నెల్లూరు జిల్లాలో నుండెడిది. నేనెరుగునాటికే ఆయన నడుము వంగి, మెడ త్రిప్పలేక, మనిషిని చూడవలెనన్న ఒడలంతయు త్రిప్పెడివాడు. నలువదియేండ్లు నిండలేదు. ఆ యూరిలో అట్టివారు మరికొందరుండిరి. వాతమనిరి, పూర్వజన్మ కర్మమనిరి. పిల్లల పండ్లమీది గోధుమరంగు మచ్చలను ఎవ్వరును లెక్కచేయలేదు. నేను భూగర్భశాస్త్రము చదువుచు, ఆ సీమ రాళ్లను గూర్చిన మెమాయిర్సు ముందు వేసికొని కూర్చుండితిని. రాళ్ల పేర్లన్నియు అందున్నవి, మామ నడుము సంగతి లేదు. ఒక వృద్ధ గ్రంథపాలకుడు నేను వెదకునది విని, "మీ బీరువా వదలి వైద్యుల బీరువా చూడు నాయనా" యనెను. అచ్చట 1937 నాటి ఇండియన్ మెడికల్ గెజెట్టు కనబడినది. షార్ట్, పండిట్, రాఘవాచారి యను మువ్వురు నెల్లూరు జిల్లాలోని యీ రోగమును పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని వ్రాసిరి. కొన్ని రాళ్లలోని ఖనిజములనుండి అది కరగి నీటిలో చేరును. ఏండ్లతరబడి త్రాగినవారి ఎముకలును కీళ్లును గట్టిపడి బిగిసికొనును.

ఆ వ్యాసము అచ్చయిననాడు మా మామ ఇరువదియేండ్లవాడు. నేను దానిని చదివిననాడు ఆయన లేడు. నడుమ ఆ కాగితము పట్టణములోని బీరువాలో నుండెను, ఆయన యూరిలో ఆ బావినీరే త్రాగుచుండెను.

అందుచేత నీటి ప్రశ్నతో పోవువాడు భూగర్భశాస్త్రపు బీరువాతో తృప్తిపడరాదు. వైద్యము, వ్యవసాయము, జిల్లా గెజెటీరులు, వర్షపాతపు లెక్కలు, ఇవియు చూడవలెను. క్రొత్త బావి యేదైనను నీటిని పరీక్షింపజేయుడు. లీటరునకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదనియు, వేరు దారి లేనప్పుడు ఒకటిన్నరవరకు ఓర్వవచ్చుననియు భారత ప్రమాణము.

మరల ఆ కుఱ్ఱవాని సంగతి. కింగ్ గారి గ్రంథము అంతర్జాలములో ప్రతిబింబముగా దొరకినది. వాడు సంతోషించెను. కాని ఇట్టి ప్రతిబింబములు తీయువారు వెనుకనున్న మడతపటములను తరచుగా విప్పరు; మడచిన కాగితపు వీపు మాత్రమే కనబడును. మనకు కావలసినది పటమే. ఇద్దరమును పోయి అచ్చుప్రతినే చూచితిమి. ఇరువది ముప్పది యేండ్లలో వచ్చిన పరిశోధన గ్రంథములకు మాత్రము ఇంటిలో కూర్చుండియే వెదకవచ్చును: మన విశ్వవిద్యాలయములలో డాక్టరు పట్టమునకు సమర్పించిన గ్రంథములు వేలకొలదిగా 'శోధగంగ' యను చోట ఉచితముగా నుంచబడినవి. అచ్చుకాని సర్వే నివేదికలలో పెక్కింటిని జియలాజికల్ సర్వేవారు తమ అంతర్జాల స్థలమున నుంచిరి. వారి దక్షిణప్రాంత కార్యాలయము హైదరాబాదులో నున్నది. బయటివారిని విశ్వవిద్యాలయ గ్రంథాలయములోనికి రానిత్తురా యందురు. గ్రంథాలయాధికారికి ముందుగా ఉత్తరము వ్రాసి, పని యిదియని చెప్పి అనుమతి పొందిన, సాధారణముగా కూర్చుండి చదువుకొననిత్తురు. ఇంటికి మాత్రము ఎరవీయరు.

పాతపటము, 1987 నాటి గ్రంథము, ఒక పరిశోధన గ్రంథములోని పటము, ఈ మూడును ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. మూడు బోర్లును పలకరాతిమీదనే పడినవి. టెంకాయ నిలిచిన మర్రిమానును పలకరాతిమీదనే యున్నది. దాని క్రింద ఎంత లోతున సున్నపురాయి తగులునో పుస్తకములు చెప్పలేదు. అది చెప్పవలసినది భూగర్భజల శాఖవారు. వారి యుద్యోగి వచ్చి, నేలలోనికి విద్యుత్తు పంపి పరీక్ష చేసెదనని చెప్పి, ముందుగా ఊరిలోని పాతబావులన్నింటి లోతు, ఏ యేట ఎండినవి, త్రవ్వినపుడు ఏ రాయి తగిలినది, ఈ వివరములు కావలెననెను.

ఆ వివరములు ఏ గ్రంథాలయములోను లేవు. నా మిత్రుడు రచ్చబండకాడ ముదుసలులను కూర్చుండబెట్టి, మనుమనిచేత ఒక లెక్కపుస్తకములో వ్రాయించుచున్నాడు. మొన్న ఉత్తరము వచ్చినది. ముప్పది యెనిమిది బావులు పూర్తియైనవట. చాకలిబావిలో పలకరాయి యెన్ని మట్లవరకున్నదను విషయమున ఇద్దరు ముసలివారికి తగవు వచ్చినదట. ఇద్దరి మాటయు వ్రాసి, ఎవరిది ఏ మాటయో ప్రక్కన గుర్తుంచుమని కుఱ్ఱవానికి జవాబు వ్రాసితిని. జొన్నల సొమ్ము ఇంకను పెట్టెలోనే యున్నది.